బియాండ్ ద మిజూరీ స్కై: బేస్ వాయించేవాడి చెవికి

డ్రమ్స్ లేవు. పాడేవాళ్ళు లేరు. స్పీడు పాట ఒక్కటీ లేదు. దాదాపు 70 నిమిషాల పాటు ఒక గిటారు, ఒక డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం), అక్కడక్కడా వెనకాల కీబోర్డు పొర. అంతే సరుకు. ఇలాంటి సీడీ కొనుక్కోమంటే మా ఆర్కెస్ట్రా కుర్రాళ్ళు "భోజనాల టైములో వేసుకోడానికా అన్నా?" అన్నారు. అననీండి. 1997లో వెర్వ్ కంపెనీ తెచ్చిన ఈ జాజ్ సీడీ 'బియాండ్ ద మిజూరీ స్కై' బేస్ గిటార్ పట్టినవాళ్ళూ, పట్టుకుందామనుకుంటున్నవాళ్ళూ, పాట అడుగున మోగేదేమిటో ఇంతవరకూ పట్టించుకోనివాళ్ళూ కూడా డబ్బు పెట్టి కొనుక్కోదగ్గది. బేస్ చార్లీ హేడెన్, గిటారు పాట్ మెథీనీ. మరుసటి ఏడు దీనికి గ్రామీ కూడా వచ్చింది గానీ, నేను కొనమనేది అందుకు కాదు.

నేను ఏ మూల నుంచి మాట్లాడుతున్నానో ముందే చెప్పాలి. విజయవాడలో ఒక లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాను. పెళ్ళిళ్ళు, రిసెప్షన్లు, దసరా పందిళ్ళు, కాలేజీ ఫంక్షన్లు. స్టేజీ మీద మా చోటు డ్రమ్మర్ పక్కన, లైటు సరిగ్గా పడని చోట. బేరం తెగకపోతే పార్టీవాళ్ళు మొదట తీసెయ్యమనేది బేస్‌నే. "కీబోర్డాయన ఎడమచేత్తో లాగించేస్తాడు కదండీ" అంటారు. లాగించేస్తాడు, నిజమే. ఇళయరాజా గారి పాట ఎత్తుకున్నప్పుడు మాత్రం బండారం బయటపడుతుంది. ఆ పాటల్లో బేస్ తీసేస్తే పాట సగమే మిగులుతుంది.

రాజాగారి బేస్ లైను పరిగెడుతుంది, మలుపులు తిరుగుతుంది, పైన పల్లవి నడుస్తుంటే కింద ఇంకో పల్లవి నడుపుతుంది. హేడెన్ దారి పూర్తిగా వేరు. ఆయన పరిగెత్తడు. వేళ్ళ నేర్పు చూపించడు. ఒక స్వరం వేస్తాడు, దాన్ని పూర్తిగా మోగనిస్తాడు, అది ఆరేలోపు రెండోది వేస్తాడు. మొదటిసారి వింటే "ఇంతేనా?" అనిపిస్తుంది. బేస్ తీసుకుని పక్కన కూర్చుని వాయించబోతే తెలుస్తుంది ఆ ఇంతేలో ఉన్న తిప్పలు. స్వరాలు దొరకడం పది నిమిషాల పని. ఆ బరువు, ఆ నిలకడ దొరకవు.

మొదటి పాట 'వాల్ట్జ్ ఫర్ రూత్' తీసుకోండి. హేడెన్ తన భార్య రూత్ కామెరన్ కోసం కట్టిన మూడు దెబ్బల నడక. గిటారు రాగం చెబుతుంటే బేస్ కింద మొదటి దెబ్బ మీద కాలు ఊని, మిగతా రెండూ దాదాపు గాలికి వదిలేస్తుంది. తరవాత బేస్ సోలో. సోలో దొరికిందంటే మా జాతివాళ్ళం ఇన్నాళ్ళ కసీ ఒక్కసారే తీర్చుకుంటాం, మెడ పైనుంచి కింద దాకా వేళ్ళు పరిగెత్తిస్తాం. హేడెన్ ఆ పని చెయ్యడు. గొంతులో కూనిరాగం తీస్తూ దాన్నే వేళ్ళతో చెబుతున్నట్టుంటుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడ ఆగుతాడు. పాడే మనిషి వాయింపు ఇది. నిజంగానే పాడే మనిషాయన, గొంతు పోయింది గనక బేస్ పట్టాడు.

ఆ సంగతి తెలియకుండా ఈ సీడీ వింటే సగమే విన్నట్టు. అందుకే రివ్యూలో మనిషి కథ పెడుతున్నాను. ఓపిక లేనివాళ్ళు చివరికి వెళ్ళి ఏం కొనాలో చూసుకోండి.

హేడెన్ 1937 ఆగస్టు 6న అమెరికాలో అయోవా రాష్ట్రంలోని షెనాండోవా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఇంటిల్లిపాదీ పాటగాళ్ళే. హేడెన్ కుటుంబం పేరుతో రేడియోలో పల్లెపాటల కార్యక్రమం నడిచేది. అమ్మ ఒళ్ళో ఊపుతూ జోల పాడుతుంటే పిల్లవాడు పక్క స్వరం అందుకున్నాడట. ఇంకేముంది, రెండేళ్ళు నిండకుండానే 'కౌబాయ్ చార్లీ' అని మైకు ముందు నిలబెట్టేశారు. తరవాత కుటుంబం మిజూరీ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రాంతానికి చేరింది. మెథీనీ ఊరూ అదే రాష్ట్రం. సీడీ పేరులో మిజూరీ అందుకే వచ్చింది. వయసులో ఇద్దరికీ పదిహేడేళ్ళ తేడా.

పదిహేనేళ్ళప్పుడు హేడెన్‌కి పోలియో వచ్చింది. కాళ్ళకు కాదు, గొంతుకూ ముఖానికీ తగిలే రకం. స్వరపేటిక దెబ్బతిని పాట ఆగిపోయింది. ఇంట్లో అన్న జిమ్ బేస్ ఒకటి ఉండేది. దాన్ని పట్టుకున్నాడు. అంతకు ముందే 1951లో ఒమాహాలో జాజ్ సాక్సఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్ కచేరీ విని ఉన్నాడు. పల్లెపాట ఒక చెవిలో, జాజ్ ఇంకో చెవిలో. ఆ రెండూ ఆయనలో ఎప్పుడూ కొట్టుకోలేదు. ఈ సీడీలో ఏడో పాట 'ద ప్రెషస్ జ్యువెల్' వినండి. రాయ్ ఏకఫ్ అనే పల్లె గాయకుడి పాత పాట. మెథీనీ గిటార్ల మీద గిటార్లు పేర్చి టకటకా మీటుతుంటే హేడెన్ కింద మూల స్వరం, అయిదో స్వరం, మళ్ళీ మూల స్వరం. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి వారం నేర్పే పాఠం అది. జాజ్‌లో పేరుమోసిన మనిషి అంత తేలిక పని అంత శ్రద్ధగా చేస్తుంటే మా వీధిలో పరువు పోతుందని భయపడేవాళ్ళకు వినిపించాలనిపిస్తుంది. రెండేళ్ళ వయసులో రేడియోలో పాడిన పాటలకి ఆయన వాయించుకున్న బేస్ అది.

ఇక జాజ్ సంగతి. ఓబర్లిన్ కాలేజీలో స్కాలర్‌షిప్ ఇస్తామన్నా కాదని 1957లో లాస్ ఏంజెలెస్ వెళ్ళాడు, వెస్ట్‌లేక్ సంగీత కళాశాలలో చేరాడు. అక్కడే సాక్సఫోన్ వాయించే ఆర్నెట్ కోల్‌మన్ తగిలాడు. మన ఆర్కెస్ట్రావాళ్ళకు అర్థమయ్యేలా చెబుతాను. మామూలుగా మాకు ఒక చార్టు ఉంటుంది. ఇక్కడ సి, ఇక్కడ ఎ మైనర్, ఇక్కడ ఎఫ్. కార్డులంటే కలిపి మోగించే స్వరాల గుంపులు. బేస్ వాడి పని ఆ కార్డుల మూల స్వరాలు పట్టుకుని నడవడం. పాడేవాడైనా, సోలో వాయించేవాడైనా ఆ పట్టాల మీదే వెళ్ళాలి. కోల్‌మన్ పట్టాలే తీసేశాడు. రాగం ఉంటుంది, లయ ఉంటుంది, ఏ కార్డు ఎన్ని దెబ్బలన్న లెక్క మాత్రం ఉండదు. సోలో ఎటు మొగ్గితే బేస్ అటు మొగ్గాలి, అది కూడా అప్పటికప్పుడు, చెవి ఒక్కటే ఆధారంగా. ఇలా వాయించాలని ఉందని అంతకు ముందు హేడెన్ ప్రయత్నిస్తే తోటివాళ్ళు తికమకపడేవాళ్ళట. కోల్‌మన్ దొరికాక ఆయనకి పని దొరికింది.

1959లో ఆ బృందం రికార్డు చేసిన 'లోన్లీ ఉమన్' యూట్యూబులో వినండి. డ్రమ్స్ మీద బిల్లీ హిగిన్స్ గుర్రం తోలుతున్నాడు. పైన సాక్సఫోన్, డాన్ చెరీ కార్నెట్ (ట్రంపెట్ లాంటిదే) ఆ వేగంతో సంబంధం లేనట్టు నింపాదిగా శోకం పెడుతున్నాయి. ఆ రెండిటికీ మధ్య హేడెన్ రెండేసి తీగలు కలిపి మీటుతూ, ఇటు ఒక చెయ్యి అటు ఒక చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన లేకపోతే ఆ పాట రెండు ముక్కలై ఎటుది అటు పోతుంది. అదే ఏడు చివర్లో న్యూయార్క్‌లో ఫైవ్ స్పాట్ అనే చోటికి రెండు వారాల కచేరీలకని వెళ్ళి రెండు నెలలకు పైగా వాయించారు. ఊరు ఊరంతా రెండుగా చీలి పోట్లాడుకుంది, ఇది సంగీతమా కాదా అని. హేడెన్ ఎప్పుడూ కళ్ళు మూసుకునే వాయిస్తాడు. ఒక రాత్రి కళ్ళు తెరిచేసరికి ఎవరో స్టేజీ ఎక్కి ఆయన బేస్ పొట్టకి చెవి ఆనించి ఉన్నారు. చూస్తే లియొనార్డ్ బెర్న్‌స్టెయిన్, న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ కండక్టర్. హేడెన్ తనే చెప్పుకున్న కథ ఇది. మా స్టేజీ ఎక్కేవాళ్ళు ఫోన్లో పాట చూపించి "ఇది వెయ్యండి" అనడానికే ఎక్కుతారు.

'రాంబ్లిన్' అనే పాటలో ఆయన సోలో ఇంకా తమాషా. అంత కొత్త సంగీతం మధ్యలో పల్లెటూరి నాట్యప్పాట తునక ఒకటి దించేశాడు. ఆ బేస్ ముక్కనే తరవాత ఇంగ్లండులో ఇయన్ డ్యూరీ ఎత్తుకుని పెద్ద రాక్ పాట కట్టాడు. ఆ పల్లె బేసు అలా ఎక్కడెక్కడికో పోయింది.

ఆ తరవాత కొన్నాళ్ళు మత్తుమందు అలవాటు ఆయన్ని మింగేసింది. బృందం వదలాల్సి వచ్చింది. వైద్యం తీసుకుని తేరుకుని మళ్ళీ వచ్చాడు. అరవయ్యవ దశకం చివరి నుంచి పియానో మేధావి కీత్ జారెట్‌తో దాదాపు పదేళ్ళు. మనకు దగ్గరి విషయం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 1971లో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ చేసిన 'మై గోల్స్ బియాండ్' రికార్డులో ఒక పక్క బాదల్ రాయ్ తబలా, ఒక పక్క తంబురా, వాటి మధ్యలో బేస్ హేడెన్‌దే. ఆలిస్ కోల్‌ట్రేన్ స్వామి సచ్చిదానంద పేరు పెట్టి చేసిన రికార్డులో ఒక పాటకి బేస్ కూడా ఈయనే. తంబురా పక్కన హేడెన్ ఎందుకంత ఇమిడిపోయాడో వింటే తెలిసిపోతుంది. ఆయనది సగం తంబురా పనే. ఆధార షడ్జమం పట్టుకుని కదలకుండా నిలబడగలడు. ఈ సీడీలో పదో పాట 'టియర్స్ ఆఫ్ రెయిన్'లో మెథీనీ సితార్ గిటారు పట్టుకున్నాడు. తీగలు జుంయ్‌మంటుంటాయి. అక్కడ బేస్ వినండి, నేనన్న మాట పట్టుబడుతుంది.

ఇంత మెత్తగా వాయించే మనిషి జైలు గుమ్మం దాకా వెళ్ళొచ్చాడంటే నమ్మబుద్ధి కాదు. వియత్నాం యుద్ధం మీద మండిపడి 1969లో 'లిబరేషన్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా' అని 13 మందితో బృందం కట్టాడు. సంగీత కూర్పు పియానిస్టు కార్లా బ్లే. స్పెయిన్ అంతర్యుద్ధంలో ప్రజలు పాడుకున్న పాటలు, చే గెవారా మీద తను కట్టిన పాట, చివర్లో నల్లవాళ్ళ పౌరహక్కుల పోరాట గీతం. 1971 నవంబరులో కోల్‌మన్ బృందంతో పోర్చుగల్ వెళ్ళాడు. అప్పుడక్కడ నియంతృత్వం, ఆఫ్రికాలో వలస యుద్ధాలు. కాష్కాయిష్ ఊళ్ళో కచేరీలో మైకు దగ్గరికెళ్ళి ఆ చే పాటను మొజాంబిక్, అంగోలా, గినీల్లో స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్నవాళ్ళకు అంకితమిస్తున్నానన్నాడు. జనం ఊగిపోయారు. మర్నాడు లిస్బన్ విమానాశ్రయంలో రహస్య పోలీసులు పట్టుకుపోయారు. అమెరికా రాయబార కార్యాలయం కలగజేసుకుంటే బయటపడ్డాడు. ఆ ఆర్కెస్ట్రాని మాత్రం వదల్లేదు. 1983, 1990, 2005, ఎప్పుడు కడుపు మండితే అప్పుడు మళ్ళీ కూర్చి కొత్త రికార్డు తెచ్చాడు. అన్నిటికీ కార్లా బ్లే తోడు.

బ్యాండ్ లీడరుగా హేడెన్ గురించి నాకు అన్నిటికన్నా నచ్చేది ఇక్కడే. మా వైపు ఆర్కెస్ట్రా పెట్టినవాడు సింగరో, కీబోర్డాయనో అయివుంటాడు. పెట్టినవాడి సౌండే మిక్సర్‌లో ముందుంటుంది. హేడెన్ తన సొంత ఆర్కెస్ట్రాలో కూడా వెనకే నిలబడ్డాడు. ట్రంపెట్లు, సాక్సఫోన్లు ముందు గొడవ చేస్తుంటే తను కింద నేల పరిచాడు. అలాగని తనకు కావాల్సింది సాధించుకోలేదా అంటే, ప్రతి రికార్డూ పది సెకన్లు వింటే హేడెన్‌దని చెప్పొచ్చు. 1986లో మొదలుపెట్టిన 'క్వార్టెట్ వెస్ట్' సంగతీ అంతే. ఎర్నీ వాట్స్ సాక్సఫోన్, ఆలన్ బ్రాడ్‌బెంట్ పియానో. పాత హాలీవుడ్ నలుపు తెలుపు సినిమాల వాసన.

మాస్టారిగా కూడా పెద్ద పేరే. 1982లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది ఆర్ట్స్‌లో జాజ్ విభాగం మొదలుపెట్టింది ఆయనే. అక్కడ చదివిన బేసిస్టు స్కాట్ కాలీ ఇవాళ జాజ్‌లో ముందు వరసలో ఉన్నాడు. సాక్సఫోన్ రవి కోల్‌ట్రేన్ అక్కడే చదివాడు. జాన్, ఆలిస్ కోల్‌ట్రేన్‌ల కొడుకు, రవిశంకర్ గారి పేరు పెట్టుకున్నవాడు. వేళ్ళు ఎలా పెట్టాలన్నదాని కన్నా నీ సొంత ధ్వని ఏది అన్న ప్రశ్న మీదే హేడెన్ పాఠమంతా నడిచేదని చెబుతారు. ముందు మంచి మనిషివి అవ్వు, తరవాత మంచి వాద్యకారుడివి అవుతావేమో అనేవాడు. ఆ మాటకి నేను మొదట్లో నవ్వుకున్నా. నాకు తెలిసినవాళ్ళలో దివ్యంగా వాయించే దుర్మార్గులు నలుగురైదుగురు ఉన్నారు మరి. కానీ హేడెన్ అడిగేది తోటివాడి మాట వినే గుణం అయివుండాలి. అది లేనివాడితో ఇలాంటి సీడీ కుదరదు, ఇద్దరే ఉన్నచోట దాక్కునే వీలుండదు గనక.

ఇప్పుడు సీడీలోకే వెళదాం. మొత్తం 13 పాటలు. అయిదోది 'ఫస్ట్ సాంగ్' హేడెన్ స్వరమే, ఆయన పాటల్లో బహుశా అందరూ ఎక్కువగా వాయించుకునేది. గుడివాడలో ప్రోగ్రాం అయ్యాక టెంపోలో తిరిగొస్తూ, చెవుల్లో ఇంకా ప్యాడ్స్ మోత గుయ్‌మంటుంటే, హెడ్‌ఫోన్స్‌లో ఈ పాట పెట్టాను. పల్లవి దిగే ప్రతిసారీ బేస్ కూడా మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. ఒక మెట్టు దగ్గర మాత్రం కాలు వెయ్యకుండా ఆపి, అర దెబ్బ ఆలస్యంగా వేస్తాడు. అది తప్పు కాదు, తొందర లేకపోవడం. మళ్ళీ వెనక్కి తిప్పి అక్కడే విన్నా. తొందరగా వాయించడం నేర్పేవాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు. ఆలస్యంగా వేసి కూడా తాళం తప్పకుండా ఉండటం ఎవరు నేర్పుతారు?

ధ్వని గురించి కూడా. హేడెన్ గట్ తీగల మనిషి, అంటే పేగుతో చేసినవి. డెబ్బైల్లో చాలామంది జాజ్ బేసిస్టులు ఉక్కు తీగలు కట్టి, తీగ మోతను కరెంటుగా మార్చే పికప్ పెట్టి ఆంప్లిఫయర్‌లో వాయించడం మొదలుపెట్టారు. దాంతో స్వరం పొడుగ్గా, కాస్త ముక్కుతో మాట్లాడినట్టు మోగేది. గట్ తీగ అలా సాగదు. దెబ్బ పడగానే చెక్క పలుకుతుంది, గుండ్రంగా వచ్చి ఆరిపోతుంది. ఆయన వాయించిన బేస్ కూడా 19వ శతాబ్దపు ఫ్రెంచి పనివాడు వియోమ్ చేతిది. సీడీలో ఆ చెక్క పలుకు దగ్గరగా, శుభ్రంగా పట్టారు. రికార్డింగ్ విషయంలో వంక పెట్టడానికి లేదు.

దయచేసి ఫోన్ స్పీకర్లో మాత్రం వినొద్దు. బేస్ అడుగు తీగ ఉత్తినే మీటితే 41 హెర్ట్జ్. ఫోన్‌లో ఆ బుల్లి స్పీకరు దాని ఛాయలకు కూడా రాదు. మీకు వినిపించేది ఒట్టి గిటారు సీడీ అవుతుంది. మామూలు హెడ్‌ఫోన్స్ చాలు, బేస్ బూస్ట్ బటన్ ఉంటే ఆపెయ్యండి. సీడీ కొనడం కష్టమనుకుంటే స్ట్రీమింగ్‌లో దొరుకుతుంది. నాకు వచ్చిన సీడీ పెట్టె మూత విరిగి వచ్చింది. అమ్మినతను మార్చి ఇవ్వలేదు, డిస్కు మీద గీత లేదు కదా అన్నాడు. లేదు కూడా.

లోపాలు లేవా? ఉన్నాయి. మెథీనీ కీబోర్డు తీగవాద్యాల పొర కొన్ని పాటల్లో అవసరానికి మించి చిక్కగా ఉంది. ఇద్దరు పెద్దమనుషులు నెమ్మదిగా మాట్లాడుకుంటుంటే వెనక ఎవరో శాలువా కప్పబోతున్నట్టు ఉంటుంది నాకు. నాలుగో పాట నుంచి కూడా నడక పెద్దగా మారదు. పదకొండు, పన్నెండు పాటలు రెండూ ఒకే ఇటాలియన్ సినిమా స్వరాలు, మోరికోనే తండ్రీ కొడుకులవి. విడివిడిగా రెండూ బావున్నాయి, వెంట వెంటనే పెట్టకుండా ఉండాల్సింది. ఒక్క ఊపులో 70 నిమిషాలూ వింటే మధ్యలో కునుకు పడుతుంది, దాచేదేముంది. రెండు విడతలుగా వినండి, మొదటి ఏడూ ఒకసారి, మిగతావి ఇంకోసారి. జాజ్ అంటే హుషారు, సాక్సఫోన్ అరుపులు, డ్రమ్స్ యుద్ధం అనుకునేవాళ్ళు దీని జోలికి రాకపోవడమే మేలు. వాళ్ళకి అదే ఇద్దరూ కలిసి 1980లో మెథీనీ పేరు మీద చేసిన '80/81' ఉంది. అందులో సాక్సఫోన్ల మీద మైకెల్ బ్రెకర్, డ్యూయీ రెడ్‌మన్, డ్రమ్స్ మీద జాక్ డిజానెట్ కూడా ఉన్నారు, కావలసినంత యుద్ధం.

పదమూడో పాట 'స్పిరిచువల్' హేడెన్ కొడుకు జాష్ రాసింది. అమెరికా పల్లెపాటల గాయకుడు జానీ క్యాష్ కూడా పాడాడు దీన్ని. ఎనిమిది నిమిషాల పైన అవే కొన్ని కార్డులు తిరుగుతూ ఉంటాయి. కొడుకు పాటకి తండ్రి బేస్. ఇక్కడ మాత్రం మెథీనీ పొర నాకు అడ్డం అనిపించలేదు, మెల్లగా పెరుగుతూ పోతుంది, పాట అదే అడిగింది. హేడెన్ పిల్లలు నలుగురూ సంగీతంలోనే ఉన్నారు. పెట్రా, టాన్యా, రేచల్ ముగ్గురూ ఒకే కాన్పులో పుట్టిన అక్కచెల్లెళ్ళు. 2008లో అందరినీ కూర్చోబెట్టి చిన్నప్పటి పల్లెపాటల రికార్డు చేశాడు. అందులో తన పుట్టినూరి పేరున్న పాట తనే పాడాడు. అంతకు ముందు 1999లో కూడా ఒక రికార్డు చివర పాడాడు. పదిహేనేళ్ళప్పుడు పోయిన గొంతు. శ్రుతిలోనే ఉంది, బలం లేదు, దాన్ని దాచే ప్రయత్నమూ లేదు. బేస్‌లో విన్నదే ఆ గొంతులో వినిపిస్తుంది.

ఇంకో విషయం మా వృత్తివాళ్ళ కోసం. హేడెన్‌కి చెవుల్లో ఎడతెగని మోత ఉండేది, పెద్ద శబ్దం భరించలేకపోయేవాడు. స్టేజీ మీద చెవుల్లో ప్లగ్గులు పెట్టుకునేవాడు, డ్రమ్స్‌కీ తనకీ మధ్య పారదర్శకమైన పలక అడ్డం పెట్టించేవాడు. బ్యాండు లీడరు గనక అడిగితే పెట్టారు. మన దగ్గర బేస్ వాడు డ్రమ్స్ పక్కనే, సబ్ ఊఫర్ ముందు, ఒక్క ముహూర్తాల సీజన్లోనే ఎన్ని రాత్రులు నిలబడతాడో మీకు తెలుసు. చెవి ప్లగ్గులు మెడికల్ షాపుల్లో కూడా దొరుకుతాయి. ఈ సీడీ కన్నా ముందు అవి కొనండి.

పోలియో మాత్రం ఆయన్ని వదల్లేదు. వయసు మళ్ళాక దాని తాలూకు నీరసం తిరగబెట్టింది. 2014 జూలై 11న లాస్ ఏంజెలెస్‌లో పోయాడు.

కొనే వరుస చెబుతాను. ముందు ఇదే. నచ్చితే 2010లో కీత్ జారెట్‌తో వచ్చిన 'జాస్మిన్', ఇంతే నెమ్మది, గిటారు బదులు పియానో. మెలోడీ సినిమా పాటల మీద మనసున్నవాళ్ళకి 2001లో వచ్చిన 'నాక్టర్న్', క్యూబా, మెక్సికో దేశాల ప్రేమపాటలు, గొంజాలో రుబల్కాబా పియానో. అదీ గ్రామీ కొట్టింది. ధైర్యం ఉన్నవాళ్ళు 1969 నాటి లిబరేషన్ ఆర్కెస్ట్రా. కోల్‌మన్ బృందం రికార్డులు ఆఖర్న పెట్టుకోండి, ఈలోపు చెవి తయారవుతుంది. నా మార్కులు అయిదుకి నాలుగు, తగ్గిన ఒక్కటీ ఆ కీబోర్డు పొర ఖాతాలోది. బేస్ నేర్చుకునేవాళ్ళు మాత్రం 'ద ప్రెషస్ జ్యువెల్' పెట్టుకుని పక్కన వాయించండి. మూడో వేలు నొప్పెట్టే దాకా ఒకే బలంతో స్వరం వెయ్యగలిగితే అప్పుడు 'ఫస్ట్ సాంగ్'కి వెళ్ళండి.